ఆ బుల్లి డబ్బాకి మూడు వేలా?!

పెళ్లి రిసెప్షన్లో ఆర్కెస్ట్రా చూసే ఉంటారు. ముందు వరసలో పాడేవాళ్లు. వాళ్ల వెనక కీబోర్డు, ప్యాడ్స్, తబలా. వీళ్లందరినీ జనం ఇట్టే గుర్తుపడతారు. ఇంకొకడుంటాడు. ఓ మూల, స్పీకరు నీడలో, నాలుగే నాలుగు లావుపాటి తీగలున్న గిటారు మెడలో వేసుకుని తల ఊపుతూ ఉంటాడు. 'పాపం, ఆ అబ్బాయి గిటారుకి రెండు తీగలు తెగిపోయినట్టున్నాయి' అని జాలిపడే పెద్దమ్మలూ ఉంటారు. తెగలేదండీ... అది బేస్ గిటారు. మామూలుగా దానికి ఉండేవే నాలుగు.

ఇంతకీ అతను వాయిస్తున్నది మీకు వినపడిందా? చాలాచోట్ల వినపడదు. వినపడినా పాట కింద ఎక్కడో బురదలో నడిచినట్టు 'బొయ్ బొయ్'మంటుంది. లేదంటే పాట ఆగిన తర్వాత కూడా 'గుయ్య్...'మని మోగుతూనే ఉంటుంది. తప్పు కుర్రాడిదే అనుకుంటాం. అతని వేళ్లలో లోపం లేకపోవచ్చు. అతని గిటారుకీ సౌండ్ సిస్టమ్‌కీ మధ్య ఉండాల్సిన గుప్పెడంత ఇనప డబ్బా ఒకటి అక్కడ లేకపోయి ఉండొచ్చు. దాని పేరు డీఐ బాక్స్.

కాలేజీ బ్యాండ్లు, చర్చి సంగీత బృందాలు, వినాయక చవితి పందిళ్లు... వాయించే పిల్లలకు చోట్లకి కొదవలేదు. ఇంట్లో అబ్బాయి గిటారు కొనిపించుకున్నాడు. ఆర్నెల్లకి యాంపు కొనిపించుకున్నాడు. ఇప్పుడొచ్చి 'నాన్నా, డీఐ బాక్స్ కావాలి, మూడు వేలు' అంటాడు. 'మళ్లీ అదేంట్రా?' అని ఏ తండ్రయినా అడుగుతాడు. 'అది లేకపోతే ప్రోగ్రాంలో కష్టం నాన్నా' అంటాడు వాడు. నిజంగా కష్టమేనా? ఈ వారం ఆ సంగతే చూద్దాం.

ముందు ఆ గిటారు సంగతి. బేస్ గిటారులో తీగల కింద ఓ పట్టీలాంటిది ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగని వేల చుట్లు చుట్టి చేస్తారు. పైన ఇనప తీగ కదిలితే కింద చుట్టలో కాస్తంత కరెంటు పుడుతుంది. కాస్తంత అంటే నిజంగా కాస్తంతే! ఆ కరెంటే పాట. దాన్ని జాగ్రత్తగా మోసుకెళ్లి పెద్ద స్పీకర్లకు అప్పజెప్పాలి.

చిక్కంతా ఈ మోసుకెళ్లడంలోనే ఉంది. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండుగా ఉందనుకోండి. కానీ దాన్నుంచి దిగే పైపు సన్నగా ఉంది. కింద చిన్న పంపు విప్పితే నీళ్లు బాగానే వస్తాయి. అదే పైపుకి పెద్ద పంపు పెట్టి పూర్తిగా తిప్పేస్తే? ధార చచ్చిపోతుంది. పికప్ ఈ సన్న పైపు ట్యాంకు లాంటిది. దాన్ని తీసుకెళ్లి మిక్సరులో మైకు పెట్టే చోట గుచ్చితే, ఆ మైకు దారి పెద్ద పంపులా లాగేస్తుంది. ఎందుకంటే అది మైకు కోసం తయారైంది. మైకు పైపు లావు మరి! లెక్కల్లో చెప్పాలంటే, మైకు దారి అడ్డుకునే శక్తి సుమారు రెండు వేల ఓములు. బేస్ యాంపుల్లో అది పది లక్షల ఓముల దాకా ఉంటుంది. అంత తేడా! మిక్సరుకి నేరుగా కలిపితే ముందు పోయేది తళుకు, అంటే తీగ మీటినప్పుడు వినపడే ఆ 'టక్' అన్న స్పష్టత. మిగిలేది బురద.

రెండో చిక్కు దూరం. గిటారుకి గుచ్చే మామూలు వైరు అయిదారు మీటర్ల వరకు ఫర్వాలేదు. ఫంక్షన్ హాల్లో మిక్సరు ఎక్కడుంటుంది? జనం వెనక, ద్వారం దగ్గర, వేదికకి ముప్ఫై మీటర్ల దూరంలో. అంత పొడవు వైరు వేస్తే అది యాంటెన్నా అయి కూర్చుంటుంది. సీరియల్ లైట్లు, జనరేటరు, ఫ్యాన్ల రెగ్యులేటర్లు... అన్నిటి గోలనీ పట్టి పాటలో కలుపుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ మీద మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చేది 'జి' స్వరం. అది సెకనుకి 49 సార్లు ఊగుతుంది. అంటే మన కరెంటు 'జి' స్వరం పాడుతోందన్నమాట... కాస్త శ్రుతి తప్పి! మైకులో మనిషి గొంతుకి ఈ గుయ్యిమనే మోతని కొంతవరకు వడగట్టొచ్చు. బేస్‌కి అలా కుదరదు. మోతా, పాటా ఒకే గదిలో కాపురం ఉంటున్నాయి. మోతని బయటకు పంపబోతే పాట కూడా సామాను సర్దుకుని వెళ్లిపోతుంది. అందుకే మోత లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆపాలి.

డీఐ బాక్స్ చేసేది సరిగ్గా ఈ రెండు పనులే. గిటారు నుంచి గుక్కెడు మాత్రమే తాగుతుంది, ముందుకు మాత్రం బలమైన ధారగా పంపుతుంది. పంపేటప్పుడు పాటని రెండు తీగల మీద ఎక్కిస్తుంది. ఒకదాని మీద తిన్నగా, రెండోదాని మీద తిరగేసి. దారిలో తగిలే గోల మాత్రం రెండిటి మీదా ఒకేలా పడుతుంది కదా! మిక్సరు రెండోదాన్ని మళ్లీ తిరగేసి మొదటిదానితో కలుపుతుంది. పాటలు రెండూ కలిసి రెట్టింపవుతాయి, గోలలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇలా పంపితే యాభై మీటర్లయినా భయం లేదు. మైకులకు మూడు పిన్నుల వైరు వాడేది కూడా ఇందుకే.

పేరులో ఉన్న 'డీఐ' అంటే డైరెక్ట్ ఇంజెక్షన్. కాంపౌండరు గుర్తొస్తే ఆ తప్పు మాది కాదు. గిటారు శబ్దాన్ని స్పీకరులోంచి గాలిలోకి వదిలి, మళ్లీ మైకుతో పట్టుకోకుండా నేరుగా రికార్డింగు పరికరాల్లోకి 'ఎక్కించడం' కాబట్టి ఆ పేరొచ్చింది. లండన్‌లో, తర్వాత అబీ రోడ్ పేరుతో ప్రసిద్ధమైన ఇఎంఐ స్టూడియోలో 1967లో బీటిల్స్ బృందం 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ చేస్తున్నప్పుడు పాల్ మెకార్ట్నీ బేస్‌ని ఈ పద్ధతిలో ఎక్కించారు. అది చూసి జాన్ లెనన్‌కి ముచ్చటేసింది. నా గొంతుని కూడా ఇలాగే ఎక్కించకూడదా అని అడిగాడట. దానికేం భాగ్యం, ముందు ఆపరేషన్ చేయించి నీ మెడకి ఓ జాక్ పెట్టించుకోవాలన్నాడట నిర్మాత జార్జ్ మార్టిన్!

వాళ్లకన్నా ముందే అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ స్టూడియోలో ఇదే పని చేస్తుండేవారు. అక్కడ బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. 1960ల్లో ఆ కంపెనీ నుంచి వచ్చిన హిట్ పాటల్లో బోలెడన్నింటికి ఆయన వేళ్లే పునాది. కానీ ఏళ్ల తరబడి ఆయన పేరు ఏ రికార్డు అట్ట మీదా లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద వేస్తే గానీ జనానికి తెలియలేదు. బేస్ వాయించేవాడు మూలనే ఉంటాడని మొదట్లో అన్నది ఊరికే కాదు. ఇళయరాజా పాటల్లో, రెహమాన్ పాటల్లో కింద నడిచే బేస్ వరస తీసేసి వినండి, పాట గాల్లో తేలిపోతుంది. రెహమాన్ పాటలకి బేస్ వాయించిన కీత్ పీటర్స్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

యాంపు ఉండగా ఇదెందుకు?

మంచి ప్రశ్నే. కుర్రాడిని ఇదే అడగాలి.

ఒకప్పుడు యాంపే సర్వస్వం. లియో ఫెండర్ అనే రేడియోల రిపేరు ఆయన 1951లో 'ప్రెసిషన్ బేస్' అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని మోసుకు తిరిగేవాళ్లకి అది వరమైంది. కానీ హాలు నింపాలంటే యాంపు పెద్దదవ్వాలి. లావు స్వరాలకి కరెంటు కూడా ఎక్కువ కావాలి. అలా పెరిగీ పెరిగీ 1969లో యాంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే యాంపుని దించింది. 300 వాట్లు. దానికి జతగా పదేసి అంగుళాల స్పీకర్లు ఎనిమిదున్న పెట్టె. నిలబెడితే చిన్న బీరువాలా ఉంటుంది. మోయడానికి ఇద్దరు కావాలి.

ఇప్పుడు హాలు నింపే పని యాంపుది కాదు, బయట పెట్టే పెద్ద స్పీకర్లది. వేదిక మీద యాంపు ఉన్నది వాయించేవాడికి తన వాయిద్యం తనకి వినపడటానికే. ఈ సంగతి తెలియని కుర్రాళ్లు జనానికి వినపడటం లేదని యాంపు పెంచుతారు. పక్కనున్న గిటారు అతను తనదీ పెంచుతాడు. పాడే అమ్మాయికి తన గొంతు తనకే వినపడదు. సౌండతను తల పట్టుకుంటాడు. పోటీలు పెట్టుకుని ప్రోగ్రాం పాడుచేసుకున్న బృందాలు ఊరికొకటి ఉంటాయి. అదే బేస్ మిక్సరు దాకా శుభ్రంగా వెళితే, యాంపు తగ్గించినా హాలు చివర కూర్చున్న తాతగారికీ వినపడుతుంది. డీఐ బాక్సులో దీనికోసమే రెండు దారులుంటాయి. గిటారు వైరు అందులోకి వెళ్తుంది. ఒక దారి మిక్సరుకి, రెండోది యాంపుకి. ఎవరి పని వారిది.

కాబట్టి అసలు ప్రశ్నకి జవాబు... పని అవసరమే. డబ్బా మాత్రం ప్రతి ఒక్కరూ కొనక్కర్లేదు.

కొనక్కర్లేని వాళ్లెవరంటే, ముందు మీవాడి యాంపు వెనక్కి వెళ్లి చూడండి. మైకు వైరు పట్టే మూడు రంధ్రాల గుండ్రటి సాకెట్ ఉండి, పక్కన 'డీఐ' అనో 'లైన్ అవుట్' అనో రాసి ఉంటే డబ్బా అందులోనే ఉన్నట్టు. ఇప్పుడొచ్చే బేస్ యాంపుల్లో ఓ మోస్తరు వాటన్నిటికీ ఉంటోంది. కొన్ని ఎఫెక్ట్స్ పెడల్స్‌లోనూ ఉంటుంది. కొన్ని మిక్సర్లలో ఒకటి రెండు దారులకి గిటారు బొమ్మో, 'హై-జీ' అన్న అక్షరాలో ఉంటాయి. మిక్సరు వేదిక పక్కనే ఉంటే గిటారుని నేరుగా అక్కడ గుచ్చొచ్చు. ఇంట్లో సాధనకి, ఇరవై ముప్ఫై మంది కూర్చునే గదిలో వాయించడానికి యాంపు ఒక్కటీ చాలు. అక్కడ డీఐ పెట్టడం పెరట్లో బావికి ఫైరింజన్ తగిలించినట్టే.

పేరున్న సౌండ్ కంపెనీ వాళ్లయితే డీఐలు వాళ్లే తెస్తారు. తెస్తారనుకుని వెళితే మాత్రం ఓ చిక్కు. ఉన్న రెండూ కీబోర్డు అతనికి వెళ్లిపోతాయి. స్టీరియో కదా, ఎడమకొకటి కుడికొకటి! "అన్నా, డీఐ ఉందా?" అని మనవాడు అడిగితే, "యాంపు ముందు మైకు పెడతాలే తమ్ముడూ" అంటాడు సౌండన్న. పాటలు పాడే మైకు పెడతాడు. దానికి అంత లావు స్వరాలు సరిగా అందవు, పక్కనున్న డ్రమ్ములు మాత్రం భేషుగ్గా అందుతాయి. అందుకే యాంపుకి ఆ సాకెట్ లేకుండా, ఏడాదికి నాలుగైదు ప్రోగ్రాములకు మించి వాయించే కుర్రాడికి సొంత డబ్బా ఉండటమే మేలని నా అభిప్రాయం. రంగురంగుల ఎఫెక్ట్స్ పెడల్ కన్నా, రెండో గిటారు కన్నా ముందు కొనాల్సింది ఇదే. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కింద పడేసినా చాలావరకు బతికే ఉంటుంది.

ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ ఉండదు, కరెంటు అక్కర్లేదు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను ఇళ్లకి సరిపడా తగ్గించినట్టే, ఇది గిటారు ఒత్తిడిని ఓ పదో పన్నెండో వంతుకి తగ్గించి ధారకి బలమిస్తుంది. దీన్ని ప్యాసివ్ అంటారు. రెండోది యాక్టివ్. లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. దానికి బ్యాటరీ కావాలి, లేదా మిక్సరు నుంచి మైకు వైరులోనే వచ్చే 48 వోల్టులు కావాలి. మీవాడి గిటారులో బ్యాటరీ లేకపోతే యాక్టివ్ డబ్బా, గిటారులోనే బ్యాటరీ ఉంటే ప్యాసివ్ డబ్బా అన్నది మోటు లెక్క. కీబోర్డుకీ ప్యాసివే చాలు. చవక రకాలు రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతాయి. పేరున్న కంపెనీలవి ఇరవై వేలు దాటుతాయి. చవక ప్యాసివ్ వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ నాసిరకంగా ఉంటే అట్టడుగు స్వరాలే ముందు పాడవుతాయి. బేస్‌కి కావాల్సినవి అవే కదా! తక్కువ డబ్బుతో అయితే యాక్టివే నయం.

అన్నట్టు, ఇది బేస్ వాళ్ల గొడవే అని పేజీ తిప్పేయకండి. మీ అమ్మాయి వీణో వయొలినో వాయిస్తూ, దానికి అంటించే చిన్న బిళ్లలాంటి పికప్ వాడుతుంటే ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఆ బిళ్లలు పీజో రకం. వాటి పైపు మరీ సన్నం. నేరుగా మిక్సరుకి గుచ్చితే వీణ కాస్తా రేకు డబ్బా శబ్దం చేస్తుంది. వాటికి యాక్టివ్ డబ్బా ఉండాల్సిందే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక కచేరీల్లోకి ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని తీసుకొచ్చి ఒప్పించారు. అక్కణ్నుంచి శాస్త్రీయ సంగీతం ఇంటి పిల్లలకీ జాక్‌లతో, వైర్లతో పని పడుతూనే ఉంది.

ఎర్త్ పిన్ను జోలికి పోవద్దు

ఇక అసలైన మాట. తల్లిదండ్రులు ఇదొక్కటి చదివినా చాలు.

డీఐ బాక్స్ మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అని ఓ చిన్న మీట ఉంటుంది. యాంపుని వేదిక మీద ఓ ప్లగ్గులో, మిక్సరుని హాలు అవతల ఇంకో ప్లగ్గులో పెడతారు. రెండిటికీ ఎర్త్ ఉంటుంది. మధ్యలో వైరు రెండిటినీ మళ్లీ కలుపుతుంది. అలా ఓ చక్రం ఏర్పడి గుయ్యిమంటుంది. ఈ మీట వేస్తే మైకు వైరు పైతొడుగు తెగి, చక్రం విడిపోయి మోత ఆగుతుంది. కరెంటు ఎర్త్ జోలికి అది పోదు. అందుకే దానివల్ల ప్రమాదం లేదు.

డబ్బా లేని చోట కొందరు ఏం చేస్తారో తెలుసా? యాంపు ప్లగ్గుకున్న మూడో పిన్ను, లావుగా పైన ఉంటుందే, దాన్ని పీకేస్తారు. లేదా రెండు పిన్నుల జంక్షన్ బాక్సులో పెడతారు. మోత ఆగిపోతుంది. 'భలే చిట్కా' అని మెచ్చుకుంటారు కూడా. కానీ ఆ మూడో పిన్నే ప్రాణం కాపాడేది. యాంపు లోపల ఏదైనా వైరు ఊడి పెట్టెకి తగిలితే, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు గిటారు తీగల్లోకి వచ్చి కాచుకుని కూర్చుంటుంది. కుర్రాడి చేతులు తీగల మీద ఉంటాయి. పెదవులు మైకుకి తగిలితే చాలు, ఎర్త్ వెతుక్కుంటున్న కరెంటుకి అతని ఒళ్లే దారి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 'స్టోన్ ద క్రోస్' అనే బృందంలో గిటారు వాయించే లెస్ హార్వే 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో వేదిక మీదే, ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని కరెంటు షాక్‌తో చనిపోయాడు. జనం చూస్తుండగానే. అంతకుముందు 1965లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అమెరికాలోని శాక్రమెంటోలో గిటారుతో మైకు స్టాండుని తాకి స్పృహ తప్పి పడిపోయాడు. ఆయన అదృష్టం, లేచాడు. మన షామియానాలు, తడి నేల, ఎక్కడికక్కడ టేపు చుట్టిన వైర్లు ఓసారి తలచుకోండి. మూడు వేల డబ్బా ఖరీదు అనిపించేముందు ఆ పిన్ను సంగతి అబ్బాయిని అడగండి. యాంపు ప్లగ్గు ఒకసారి మీరే తీసి చూడండి.

గిటారు తీగలో, మైకో తాకినప్పుడు చిన్నగా చురుక్కుమంటే అది డీఐతో తీరే జబ్బు కాదు. ప్రోగ్రాం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. పెద్ద హీరో అయినా సరే, ఎర్త్ లేని వేదిక దిగిపోవాల్సిందే.

ఈ డబ్బా అన్ని మోతలకీ మందు అనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు. కొన్ని గిటార్ల పికప్‌లే స్వభావరీత్యా గుయ్యిమంటాయి. ట్యూబులైట్ల వైపు తిరిగితే ఎక్కువ, ఇటు తిరిగితే తక్కువ. అది గిటారు గుణం. వైరు లోపల తెగి గరగరమన్నా డబ్బా ఏమీ చెయ్యలేదు. కొత్త వైరు కొనాల్సిందే.

యాంపు వెనకున్న సాకెట్టే వాడేవాళ్లు పక్కన 'ప్రీ, పోస్ట్' అన్న బటన్ని గమనించాలి. 'ప్రీ'లో ఉంచితే, వాయించేవాడు తన యాంపు మీద ట్రెబుల్, బేస్ మీటలు ఎంత తిప్పినా హాల్లో శబ్దం మారదు. 'పోస్ట్'లో ఉంటే ప్రతి తిప్పుడూ హాలంతా వినపడుతుంది, సౌండన్నకి కోపమొస్తుంది. కొత్తవాళ్లు 'ప్రీ'లో ఉంచడమే మర్యాద.

ఇంకొక్కటి. ప్రోగ్రాం అయ్యాక గిటారు జాక్ లాగేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. మిక్సరులో ఆ దారి తెరిచి ఉండగా లాగితే హాలంతా 'ఠాప్'మని పేలుతుంది. ముందు వరసలో చంటిపిల్లలుంటే ఇక చూడక్కర్లేదు. 48 వోల్టుల మీట వేసినా ఆపినా అంతే. సౌండన్న వైపు చూసి చెయ్యి ఊపి, ఆయన తల ఊపిన తర్వాతే లాగమనండి.